ఉప్పు చల్లిన రోడ్ల మీద సైకిలు: చలికాలంలో రిమ్ములు అరిగిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (మినియాపొలిస్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు మా ఇంటికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏడాది పొడవునా సైకిలు మీదే వెళ్ళి వస్తాను. దారిలో చాలా భాగం మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీదుగా సాగుతుంది. పూర్వం రైలు పట్టాల కోసం తవ్విన లోతైన గోతిలో, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవున వేసిన సైకిలు బాట అది. మంచు పడినప్పుడల్లా దాన్ని శుభ్రం చేస్తారు కనుక అక్కడ నాకు ఇబ్బంది లేదు. గ్రీన్‌వే దాటి ఆఫీసుకు చేరే చివరి వీధుల్లోనే ఉప్పు, ఇసుక, కరిగిన మంచు కలిసి బూడిద రంగు బురదగా మారి చక్రాల నిండా పేరుకుంటుంది.

మూడు చలికాలాల్లో రెండు రిమ్ములు పోగొట్టుకున్నాను. మొదటిది వెనక చక్రానిది. మార్చి నెలలో ఒక ఉదయం గాలి కొడుతుండగా రిమ్ము పక్క గోడ జానెడు పొడవున చీలి, టైరు బయటికి తన్నుకొచ్చి, ట్యూబు తుపాకీ పేలినట్టు పేలింది. అదే చీలిక కార్ల మధ్య బ్రేకు వేసిన క్షణంలో వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. రెండోది ముందు చక్రానిది. బ్రేకు రబ్బరు తగిలే చోట వేలితో తడిమితే లోపలికి గుంట పడినట్టు తెలుస్తోంది. దుకాణంలో చూపించగా, చలికాలంలో తొక్కేవారికి ఇది మామూలేనని, ఉప్పు రిమ్మును తినేస్తుందని, ఏటా ఒకటి మార్చుకోవలసిందేనని చెప్పారు. ఆ జవాబు నాకు తృప్తి కలిగించలేదు.

ఎందుకంటే మాది మచిలీపట్నం. మా నాన్నగారి సైకిలు ముప్ఫై ఏళ్ళు సముద్రపు గాలిలోనే తిరిగింది. రిమ్ముల మీద పూత అక్కడక్కడా లేచి తుప్పు చుక్కలు పడ్డాయి గాని, రిమ్ము అరిగి చీలడమన్నది మేము ఎన్నడూ ఎరగము. వానాకాలంలో ఆయన వారానికొకసారి కొబ్బరినూనె అద్దిన గుడ్డతో రిమ్ములనూ స్పోకులనూ తుడిచేవారు. ఆ పద్ధతి ఇక్కడ పనికివస్తుందా? నా సైకిలుకు 700 సైజు అల్యూమినియం రిమ్ములు, ముప్ఫై ఆరు స్పోకులు, రిమ్మును రెండు పక్కల నుంచి రబ్బర్లతో నొక్కే వీ బ్రేకులు ఉన్నాయి. నిజంగా ఉప్పే ఈ లోహాన్ని తింటోందా, లేక మరేదైనా జరుగుతోందా? అరుగుదలలో ఎంత భాగం మన చేతిలో ఉంది? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు (చికాగో నుంచి)

నమస్కారమండీ. చికాగోలో పద్నాలుగు చలికాలాలుగా సైకిలు తొక్కుతున్నాను, ఎక్కువగా మిషిగన్ సరస్సు ఒడ్డు వెంబడి ఉన్న బాట మీద. మీలాగే నేనూ మొదటి రెండేళ్ళలో రిమ్ములు పోగొట్టుకున్నాను కనుక తెలిసినదంతా రాస్తాను.

దుకాణంవారు చెప్పినదానిలో కొంతే నిజం. అల్యూమినియం రిమ్మును చీలిపోయేంత పలచగా చేసేది ఉప్పు కాదండీ, మీ బ్రేకే. జారుడు తగ్గించడానికి రోడ్డు మీద చల్లే ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. అది అల్యూమినియం కంటే ఎంతో గట్టి పదార్థం. మంచునీటితో కలిసి ఆ ఇసుక రిమ్ముకు అంటుకుంటుంది, మీరు బ్రేకు నొక్కగానే రబ్బరులోకి దిగి అక్కడే నాటుకుపోతుంది. ఆ క్షణం నుంచి మీ బ్రేకు రబ్బరు గరుకు కాగితంలా పనిచేస్తుంది. అది గీరిన అల్యూమినియం పొడి గాలి తగలగానే పైపొర ఆక్సీకరణం చెందుతుంది, ఆ పొర అల్యూమినా. సానరాళ్ళకు వాడే పదార్థమూ అదే. అంటే ఒకసారి గీత పడటం మొదలైతే, రాలిన పొడి మళ్ళీ రబ్బరులో చేరి మరింత గీరుతుంది. తడి రోజున మీ చక్రాల నుంచి కారే నల్లటి నీటిలో రోడ్డు మురికితో పాటు మీ రిమ్ము కూడా ఉంది.

మీ నాన్నగారి సైకిలు సంగతి కూడా దీనితోనే తేలిపోతుంది. మన ఊళ్ళలోని పాత సైకిళ్ళకు కడ్డీ బ్రేకులు ఉండేవి. వాటి రబ్బర్లు రిమ్ము పక్క గోడను పట్టుకోవు. హబ్బు (ఇరుసు చుట్టూ తిరిగే చక్రం మధ్యభాగం) వైపు తిరిగి ఉన్న లోపలి ముఖానికి కింది నుంచి నొక్కుకుంటాయి. ఆ రిమ్ములు ఉక్కువి, అల్యూమినియం కంటే గట్టివి. పైగా టైరును పట్టి ఉంచే గోడను బ్రేకు తాకనే తాకదు కనుక, ఎంత అరిగినా గోడ చీలే పరిస్థితి రాదు. తడిసిన ఉక్కు రిమ్ము మీద ఆ బ్రేకు సరిగ్గా పట్టదన్నది వేరే సంగతి. అది మీకూ గుర్తుండే ఉంటుంది.

కొబ్బరినూనె మాత్రం ఇక్కడ వద్దు. మీ సైకిలుకు రిమ్ము పక్క గోడే బ్రేకు పట్టే చోటు. దాని మీద నూనె పడితే ఆగవలసిన చోట ఆగలేరు. స్పోకులకు రాద్దామన్నా, కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. మీ ఊళ్ళో జనవరి సగటు సున్నాకు తొమ్మిది డిగ్రీలు కింద ఉంటుంది కాబట్టి అది మైనంలా గడ్డకట్టి దుమ్మును పట్టి ఉంచుతుంది.

ముందుగా మీరు చేయవలసింది, గోడ మందం కొలవడం. చాలా రిమ్ముల మీద తయారీదారులే అరుగుదల గుర్తు పెడతారు. కొన్నింటికి చుట్టూ సన్నని గాడి ఉంటుంది, అది కనిపించకుండా పోయిందంటే రిమ్ము పని అయిపోయినట్టు. మరికొన్నింటికి లోపల దాచిన చిన్న రంధ్రం ఉంటుంది, అది పైకి కనిపించిందంటే మార్చాలి. గుర్తు ఏదీ లేకపోతే కొలవక తప్పదు. వెర్నియర్ కాలిపర్‌ను నేరుగా పెడితే తప్పు అంకె వస్తుంది, ఎందుకంటే గోడ అంచు లోపలికి కొక్కెంలా వంగి ఉంటుంది, బయటి వైపేమో గుంట పడి ఉంటుంది. టైరు విప్పి, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పాత స్పోకు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి గోడకు లోపల, ఒకటి బయటి గుంటలో ఆనించి, రెంటినీ కలిపి కొలిచి, నాలుగు మిల్లీమీటర్లు తీసివేయండి. కొత్త రిమ్ము గోడ ఒకటిన్నర మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే నేను ఆ చక్రం మీద ప్రయాణం చేయను. చక్రం చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి, ఎందుకంటే అరుగుదల అన్ని చోట్లా సమానంగా ఉండదు.

ఇక రబ్బర్లు. సైకిలుతో పాటు వచ్చే గట్టి నల్ల రబ్బర్లు ఇసుకను పట్టుకుని వదలవు. కూల్‌స్టాప్ వారి సాల్మన్ రంగు రబ్బర్లు, అంటే నారింజ, గులాబీ కలిసినట్టుండేవి, తడిలో బాగా పట్టడమే కాక రిమ్మును తక్కువగా గీరుతాయి. నేను వాటికి మారిన తరువాత రిమ్ము ఆయుష్షు స్పష్టంగా పెరిగింది. అయితే ఏ రబ్బరైనా వారానికొకసారి విప్పి, ముఖాన్ని వెలుతురులో చూడాలి. వెండి చుక్కల్లా మెరిసేవి కనిపిస్తే అవి రిమ్ము నుంచి ఊడివచ్చిన లోహపు ముక్కలు. సూది మొనతో వాటిని తీసివేసి, ముఖాన్ని గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దండి. ఈ పని పది నిమిషాలకు మించదు. రిమ్మును కాపాడే పనులన్నింటిలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను.

తొక్కే తీరు కూడా కొంత మార్చుకోవాలి. ఆగవలసిన చోటికి బాగా ముందే ఒకటి రెండుసార్లు తేలికగా బ్రేకు తాకించి రిమ్మును తుడుచుకుని, తరువాత గట్టిగా నొక్కండి. వాలులో కిందికి వచ్చేటప్పుడు మాత్రం బ్రేకును రాసుకుంటూ దిగకూడదు. చక్రం తిరిగిన ప్రతి చుట్టూ ఒక గీతే. మడ్‌గార్డులు నేలకు జానెడు ఎత్తు వరకు దిగి, చివర రబ్బరు పట్టీ ఉండేలా చూసుకోండి. ముందు చక్రం చిమ్మే బురద సగంలోనే ఆగిపోతుంది.

రెండో జవాబు (టొరంటో నుంచి)

నేను లోహశాస్త్రం చదువుకున్నాను. ఇక్కడ ఎనిమిదేళ్ళుగా సైకిలు మీదే తిరుగుతున్నాను. రిమ్ము గోడ విషయంలో చికాగో మిత్రులు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కాని చక్రమంటే రిమ్ము ఒక్కటే కాదు. ఉప్పు చేసే హాని నిపుల్స్ (స్పోకు కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) దగ్గర, హబ్బు లోపల కనిపిస్తుంది.

బరువు తగ్గించడానికి కొన్ని చక్రాలకు అల్యూమినియం నిపుల్స్ వేస్తారు. స్పోకు స్టెయిన్‌లెస్ ఉక్కు, నిపుల్ అల్యూమినియం, ఆ రెండింటి మధ్య మరల సందులో ఉప్పునీరు: చిన్న బ్యాటరీకి కావలసినవన్నీ అక్కడ అమరినట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. తెల్లటి పొడి పుట్టి మరలను బిగించేస్తుంది. వసంతంలో చక్రం బెండు తీయడానికి స్పోకు స్పానరు పెట్టి తిప్పితే నిపుల్ తిరగదు, విరుగుతుంది. ఇత్తడి నిపుల్స్‌తో ఈ కష్టం ఉండదు. రెండింటి బరువు తేడా మొత్తం చక్రానికి కొన్ని పదుల గ్రాములే కాబట్టి, చలికాలపు చక్రానికి ఇత్తడి తప్ప మరొకటి ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. మీరు ఎలాగూ కొత్త రిమ్ము వేయించుకుంటారు కనుక, చక్రం అల్లే ముందు స్పోకు మరలకు అవిసె నూనె రాయమని చెప్పండి. అది నెమ్మదిగా ఆరి జిగురులా పట్టి, నీరు చొరబడకుండా ఆపుతుంది, మర సడలకుండానూ చూస్తుంది. పాత చక్రమే వాడుతుంటే, అక్టోబరులో ప్రతి నిపుల్ రిమ్ములోకి దిగే చోట ఒక్కొక్క చుక్క పలచని నూనె వేసి, గోడ మీద పడినదాన్ని స్పిరిట్‌తో తుడవండి.

రోడ్డు మీద వేసేది ఎప్పుడూ ఒకే ఉప్పు కాదు. మనం వంటకు వాడే సోడియం క్లోరైడు సున్నాకు తొమ్మిది డిగ్రీలు కిందికి దిగిన తరువాత మంచును కరిగించడంలో బాగా మందగిస్తుంది. అందువల్ల చలి ముదిరినప్పుడు మెగ్నీషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు వాడతారు. ఈ రెండూ గాలిలోని తేమను తామే పీల్చుకుంటాయి. రోడ్డు ఆరినా, సైకిలు ఆరినట్టు కనిపించినా, వాటి పొర అంటుకున్న చోట తడి మిగిలే ఉంటుంది, తుప్పు పని సాగుతూనే ఉంటుంది. తుడవకుండా ఆరనిస్తే చాలదని నేను చెప్పేది ఇందుకే.

ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ తడి సైకిలును వెచ్చటి గదిలోకి తెచ్చి అలాగే వదిలేస్తే, వెచ్చదనంలో తుప్పు వేగం పెరుగుతుంది. బయటి చలిలోనే ఉంచితే రసాయన చర్య చాలా నెమ్మదిస్తుంది. కాబట్టి లోపలికి తెస్తే కడిగి, ఆరబెట్టండి. కడిగే వీలు లేని రోజు కప్పు ఉన్న చోట బయటే ఉంచడం మేలు.

హబ్బులో కోన్లు (బాల్స్‌ను పట్టి ఉంచే శంకువు ఆకారపు ముక్కలు), బాల్స్ విడిగా ఉండే రకమైతే సీజను ముందు ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి విప్పి, పడవలకు వాడే నీటికి తట్టుకునే గ్రీజు నిండుగా పెట్టండి. ఫ్రీవీలు లోపల మాత్రం గ్రీజు పెట్టకండి. సున్నాకు ఇరవై డిగ్రీల కింద అది గట్టిపడి లోపలి పళ్ళను లేవనివ్వదు, పెడలు ఊరికే తిరుగుతుంది, చక్రం కదలదు. అక్కడ పలచని నూనె చాలు.

మూడో జవాబు (ఔలు, ఫిన్లాండ్ నుంచి)

మీ చర్చ ఆసక్తిగా చదివాను. నేను ఔలులో ఉంటున్నాను. 65వ అక్షాంశం దగ్గర ఉన్న ఈ ఊరు చలికాలపు సైకిలు ప్రయాణానికి పేరు పొందింది. చలికాలపు సైకిలు ప్రయాణం గురించిన అంతర్జాతీయ సదస్సు 2013లో మొదటిసారి ఇక్కడే జరిగింది, 2016లో మీ మినియాపొలిస్‌లోనూ జరిగింది. ఇక్కడ సైకిలు బాటల మీద మంచును చదును చేసి గట్టిపరచి, పైన కంకర పొడి చల్లుతారు. అందువల్ల ఉప్పు బాధ మీ ఊరి కంటే తక్కువ. రాతిపొడి మాత్రం ఎక్కువే.

అయినా మా అపార్ట్‌మెంట్‌లో రిమ్ము అరిగి మార్చినవారిని నేను చూడలేదు, ఎందుకంటే ఇక్కడ చాలా సైకిళ్ళకు వెనక చక్రం హబ్బులోనే బ్రేకు ఉంటుంది. పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. బ్రేకు మొత్తం హబ్బు లోపల మూసి ఉండటం వల్ల ఇసుక గాని మంచు గాని దాన్ని చేరవు. రిమ్ముకు టైరును మోయడం తప్ప వేరే పని ఉండదు. నా అభిప్రాయం అడిగితే, మీరు రబ్బర్ల మీద పెట్టే శ్రద్ధను ఒక్కసారి చక్రం మీద పెట్టండి. ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు ఉన్న హబ్బు వేయించుకోవచ్చు. స్టర్మీ ఆర్చర్ వారు డెబ్బై, తొంభై మిల్లీమీటర్ల డ్రమ్ములతో ఇప్పటికీ తయారుచేస్తున్నారు. రెండు విషయాలు ముందే చూసుకోండి. వీ బ్రేకు పిడి తీగను ఎక్కువ పొడవు లాగుతుంది, డ్రమ్ముకు తక్కువ పొడవు లాగే పిడి కావాలి, కనుక పిడి కూడా మార్చాలి. డ్రమ్ము నుంచి వచ్చే కడ్డీని ఫోర్కుకు పట్టీతో గట్టిగా బిగించాలి. అది వదులైతే బ్రేకు వేసినప్పుడు ఇరుసే తిరగబోతుంది.

డిస్కు బ్రేకు కూడా రిమ్మును కాపాడుతుంది గాని, మీ ఫోర్కుకు దాన్ని బిగించే చోటు ఉండకపోవచ్చు. ఉన్నా, ఆ బురదలో దాని ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. డిస్కు పలక కొత్తలో 1.8 మిల్లీమీటర్లు ఉంటే 1.5 దగ్గర మార్చాలని సైకిలు భాగాలు తయారుచేసే షిమానో వారు చెబుతారు. మారే వస్తువు చవకది కావడం మాత్రం మంచిదే.

టైర్ల గురించి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను. గాలి తక్కువైతే గుంతలో పడినప్పుడు రిమ్ము అంచు నేరుగా రాయిని తాకి వంగుతుంది. ఇరవై డిగ్రీల గదిలో 60 పీఎస్‌ఐ కొట్టిన టైరు, సున్నాకు పదిహేను డిగ్రీల కింద నిలబడితే, ఒక్క బుడగ కూడా కారకపోయినా దాదాపు 51కి దిగుతుంది. ఆ సంగతి తెలియకే చాలామంది ట్యూబు చెడిందనుకుంటారు. మంచు మీద జారకుండా లోహపు మేకులు దిగ్గొట్టిన టైర్లు వేసుకుంటే మొదటి నలభై కిలోమీటర్లు తారురోడ్డు మీద గట్టి బ్రేకులు, గట్టి తొక్కుళ్ళు లేకుండా నెమ్మదిగా తొక్కండి. టైర్లు తయారుచేసే ష్వాల్బె వారి సూచన కూడా అదే. అప్పుడు మేకులు రబ్బరులో సరిగ్గా కూర్చుంటాయి, ఊడిపోవు.

అడిగినవారి మాట

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నాన్నగారి సైకిలు ఎందుకు నిలిచిందో ఇన్నాళ్ళకు అర్థమైంది. ఆయనకు ఫోనులో చెబితే కడ్డీ బ్రేకు సంగతి విని ఎంతో సంతోషించారు. ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. నేను మూడో అంతస్తులో ఉంటాను, బయట కుళాయి లేదు, గొట్టం లేదు. ఇంటి యజమాని స్నానాల గదిలో సైకిలు కడగడానికి ఒప్పుకోరు. అటువంటప్పుడు ప్రతి సాయంత్రం కడగడం ఎలా?

చికాగో నుంచి మళ్ళీ

గొట్టం అక్కరలేదండీ. మొక్కలకు మందు కొట్టే చేతి పంపు డబ్బా ఒకటి కొనండి. అందులో రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్ళు నింపి కిందికి తీసుకెళ్ళి, మురుగు తూము ఉన్న చోట నిలబెట్టి, పై నుంచి కిందికి రిమ్ములు, బ్రేకు రబ్బర్లు, నిపుల్స్ తడపండి. ధార మెత్తగా ఉంటుంది కనుక హబ్బులోకి నీరు దూరదు. కార్లు కడిగే చోట ఉండే బలమైన ధారను మాత్రం హబ్బు మీదికి ఎప్పుడూ పట్టకండి. అది గ్రీజును తోసేసి ఉప్పునీటిని లోపలికి పంపుతుంది. తరువాత చక్రాన్ని నేల మీద రెండుసార్లు తేలికగా ఎగరేసి నీళ్ళు దులిపి, పాత పంచె గుడ్డతో రిమ్మును రెండు వైపులా గట్టిగా పట్టుకుని చక్రాన్ని తిప్పండి. గుడ్డ మీద నలుపు తగ్గేవరకు తిప్పితే చాలు. బ్రేకు తీగలో నీరు మిగిలితే తెల్లవారేసరికి గడ్డకట్టి బ్రేకు బిగుసుకుంటుంది కాబట్టి పిడిని పదిసార్లు నొక్కి వదలండి. నీళ్ళు పోసే ఓపిక లేని రోజున పొడి గుడ్డతో తుడిచినా ఇసుక చాలా వరకు పోతుంది. ఏమీ చేయకపోవడం కంటే అది ఎంతో నయం.

అడిగినవారి మాట

నిన్న రాత్రి టైర్లు విప్పి స్పోకు ముక్కలతో కొలిచాను. వెనక రిమ్ము పోయినేడాది వేసినది, అన్ని చోట్లా 1.3 దగ్గర ఉంది. ముందు రిమ్ము ఒకచోట 1.0, వాల్వుకు ఎదురుగా 0.8 ఉంది. పాత రబ్బర్లను దీపం కింద పెట్టి చూస్తే ఒక్కొక్క దానిలో ఏడెనిమిది లోహపు చుక్కలు మెరిశాయి, ఒకటైతే బియ్యపు గింజలో సగం ఉంది. ఆ ముందు చక్రాన్ని ఇక రోడ్డెక్కించను. డెబ్బై మిల్లీమీటర్ల డ్రమ్ము హబ్బుతో కొత్త చక్రం అల్లమని ఇచ్చాను. ఇత్తడి నిపుల్స్ అని, అవిసె నూనె అని చీటీ మీద రాయించాను, పిడి కూడా మార్పిస్తున్నాను. వెనక చక్రానికి కొత్త రబ్బర్లు వేసి, చెప్పినట్టే ప్రతి సాయంత్రం తుడుస్తాను. మార్చి నెలాఖరున వెనక రిమ్మును అవే చోట్ల మళ్ళీ కొలిచి, 1.3 ఎంతకు దిగిందో ఇక్కడే రాస్తాను.